అలుగు పండుగ

మా అత్తవారింట్లో ఒక పండుగ ఉండేది. అది ఏ పంచాంగంలోనూ కనబడదు. జహీరాబాద్ బజారులో మరే ఇంట్లోనూ చేసేవాళ్ళు కాదు. పక్కింటివాళ్ళను అడిగితే “వాళ్ళకు జర తిక్క” అనేవాళ్ళు, అందులో అబద్ధమేమీ లేదు. ఆ పండుగకు దేవుడు లేడు, పూజ లేదు, ఉపవాసం అసలే లేదు. ఉన్నదల్లా ఒక జంతువు. అది కూడా ఒక్కసారి వచ్చి, ఒక్క పగలు ఉండి, తన దారిన తాను పోయింది.

అవి యుద్ధం రోజులు. ఆ యుద్ధం ఎక్కడ జరుగుతున్నదో మాకు తెలియదు. గ్యాసునూనె దొరకడం లేదు కాబట్టి చీకటి బాగా పడేదాకా కందిలి వెలిగించకూడదని మాత్రం తెలుసు. మామగారిది బజారులో బెల్లం దుకాణం, మొగుడంపల్లి దిక్కున కొంత చెలక భూమి. ఇంట్లో ఆయన, అత్తమ్మ, మా ఆయన, ఇంకా పరికిణీలు వదలని చిన్న ఆడబిడ్డ, నేను. అంతే మేము.

నేను బీదరు అవతల కన్నడం మాట్లాడే ఊళ్ళో పుట్టినదాన్ని. మామగారి తాత కూడా అటునుంచి వచ్చినవాడే కాబట్టి సంబంధం కుదిరింది. కానీ ఆ ఇంట్లో కన్నడం ఎప్పుడో అరిగిపోయింది. నాలుగు వంట మాటలు, రెండు తిట్లు మిగిలాయి. నేనేమో తెలుగు బొత్తిగా రాకుండా కాపురానికి వచ్చాను. తెలుగు నేర్చుకున్న క్రమంలో నేను పడ్డ తిప్పలు చెబితే మనవలు ఇప్పటికీ నవ్వుతారు, నవ్వనీ.

వచ్చిన కొత్తలో ఒకనాడు నాకు అన్నం సయించలేదు. ఇంటి మీద బెంగ. కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి చేతిలో పట్టుకుని ఉన్నాను. అత్తమ్మ వచ్చి నా తల నిమిరి, “అలుగకు బిడ్డా, జర తిను” అన్నది. కన్నడంలో అలుగు అంటే కదులు, ఊగు అని. అలుగకు అంటే కదలవద్దని అంటున్నదనుకున్నాను. నా వీపు మీద తేలో మరేదో పాకుతున్నదేమోనని గుండె జారిపోయింది. ముద్ద పట్టిన చేయి పట్టినట్టే ఉంచి బిగుసుకుపోయాను. ఆమె మళ్ళీ “అలుగకు” అన్నది. నేను ఊపిరి కూడా బిగబట్టాను. ఎంత బతిమాలితే అంత బిగుసుకుపోయే కోడలిని చూసి ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి చిన్న ఆడబిడ్డ నా చేతిలోని ముద్ద తాను తినేసి వెళ్ళిపోయింది. అలగడమంటే తెలుగులో మూతి ముడుచుకుని కూర్చోవడమని నాకు చాలా రోజులదాకా తెలియదు.

ఆ తర్వాతి మిరుగం వానలకు, అంటే మృగశిర కార్తెలో, వచ్చింది అసలు సంగతి. రాత్రంతా జోరున వాన కురిసి, తెల్లవారి ఎండ కాస్తున్నది. మా జీతగాడు చెలక గట్టు మీద పుట్ట తవ్వుతుంటే ఏదో దొరికిందట. దాన్ని గొంగడిలో మూటగట్టి భుజాన వేసుకుని అంత దూరం నుంచి ఆగకుండా వచ్చాడు. బజారు మూల నుంచే “అలుగు! అలుగు!” అని ఒకటే కేక.

దుకాణంలో ఉన్న మామగారు ఆ మాట విన్నారు. చెరువు నిండి అలుగు దుంకిందనుకున్నారు. బెల్లం కొట్టేమో పల్లంలో ఉంది. “బెల్లం! బెల్లం లేపుర్రి!” అని పంచె ఎగగట్టి దిమ్మలు మోయడం మొదలుపెట్టారు. ఒక్క వానకు చెరువు ఎక్కడన్నా నిండుతుందా అని మా ఆయన అంటూనే ఉన్నారు, అంటూనే ఆయన కూడా మోస్తున్నారు. వంటింట్లో అత్తమ్మ ఆ కేకే విని, మళ్ళీ నేను అలిగానేమో, సంగతి బజారు దాకా పోయిందేమో అనుకుని, చేతిలో బెల్లం ముక్క పట్టుకుని నా కోసం వెతకసాగింది. నేను మజ్జిగ చిలుకుతున్నాను. ఎవరో మగమనిషి వీధిలోంచి “కదులు! కదులు!” అని ప్రాణం పోయేటట్టు అరుస్తుంటే నేను ఎందుకు ఆగుతాను? ఇల్లు కూలుతున్నదో ఏమోనని, మజ్జిగ కుండ చంకన పెట్టుకుని వాకిట్లోకి ఉరికాను. సరిగ్గా గడప దగ్గర జీతగాడూ నేనూ గుద్దుకున్నాం. మజ్జిగ అతని మీద, గొంగడి మూట నేల మీద.

మూటలోంచి ఒక బంతి దొర్లుకుంటూ పోయి తులసికోట దగ్గర ఆగింది. ఒళ్ళంతా పెంకులు, ఒకదాని మీద ఒకటి ఇల్లు కప్పినట్టు. తల ఎక్కడో తోక ఎక్కడో తెలియదు. బెల్లం దిమ్మ నెత్తిన పెట్టుకుని మామగారు, బెల్లం ముక్క చేత పట్టుకుని అత్తమ్మ, ఖాళీ కుండతో నేను దాని చుట్టూ నిలబడ్డాం. మా ఊళ్ళో ఆ చీమలు తినే జంతువును చిప్పుహంది అంటారు. ఒక్కసారి చిన్నప్పుడు చూశాను.

“అలుగు సావుకారీ,” అన్నాడు జీతగాడు, మజ్జిగ తుడుచుకుంటూ. “పొద్దటి సంది మొత్తుకుంటనే ఉన్న గద.”

ఎవరు ఏమనుకున్నారో ఒకరికొకరు చెప్పుకున్నాక ఆ వాకిట్లో నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. నేనేమనుకున్నానో సగం తెలుగులో, సగం చేతులతో చెప్పాను. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

మా ఆయన వేళాకోళం మనిషి. ఆయనే అన్నారు. “దాని పేరే ఒక హుకుం. అలుగు అంటున్నది. మనమేమో నవ్వుతున్నం. జంతువు మాట కొట్టెయ్యొద్దు.” బెల్లం తడవలేదన్న సంతోషంలో మామగారు కూడా ఊపు మీద ఉన్నారు. దిమ్మ కిందికి దించి, “సరే, ఇయ్యాల ఈ ఇంట్ల అందరికీ అలిగే ఇజాజత్ ఇచ్చిన” అన్నారు. పండుగ అట్లా పుట్టింది.

ఎట్లా అలగాలో ఆ అలుగే చూపించింది. గొంగడి కప్పుకోవాలి, గోడ దిక్కు తిరిగి బంతిలాగా ముడుచుకోవాలి. ఇంట్లోవాళ్ళు వచ్చి బతిమాలాలి. కొంచెం బెట్టు చేసి, ఏం కావాలో అడగాలి. అడిగింది ఇవ్వాలి. దీపం పెట్టే వేళకు మాత్రం ఎవరి అలక అయినా తీరిపోవాలి, ఇంకా ముడుచుకుని ఉండకూడదు. ఈ కట్టుబాట్లన్నీ చిన్న ఆడబిడ్డ పెట్టినవే. మా ఆయన అలిగి మిరపకాయ బజ్జీలు అడిగారు. ఆ పిల్ల అలిగి రిబ్బన్లు అడిగింది. నా వంతు వచ్చింది. గొంగడి కప్పి, “వదినా, అలుగు” అన్నది ఆడబిడ్డ. నాకింకా ఆ మాట ఒంటబట్టలేదు. కదలమన్నారు కదా అని గొంగడి కింద అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాను. వాళ్ళు నవ్వుతున్నకొద్దీ, బాగా చేస్తున్నానేమోనని ఇంకా ఊగాను. తర్వాత ఏం కావాలని అడిగారు. నాకు మా అమ్మ కావాలనిపించింది. నోటికి మాత్రం ఆకుపచ్చ గాజులు వచ్చాయి.

మామగారు అలగలేదు. “నాకు అలకెందుకు? నేను బతిమిలాడేటోణ్ణి” అన్నారు. అత్తమ్మ కూడా అలగలేదు. “నేను పండుకుంటే పొయ్యి కాడ ఎవరుంటరు?” అన్నది.

గంప కింద పెట్టిన అలుగు మాత్రం ఎవరు పిలిచినా విప్పుకోలేదు. వీధిలో ఒకామె పిల్లల మెడలో కడతానని రెండు పెంకులు అడిగింది. మా ఇంటికి వచ్చిన దాని ఒంటి మీద చెయ్యి వేయనివ్వనని మామగారు పంపేశారు. ఆయన మంచివారు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది విని మీకు కోపం వస్తుంది. పొద్దు వాలాక అందరం లోపల ఉన్నప్పుడు అది కొంచెం విప్పుకుని సన్నటి మూతి బయట పెట్టిందట, ఆడబిడ్డ చూసింది. జీతగాడు దాన్ని మళ్ళీ గొంగడిలో పెట్టుకుపోయి చెలక అవతల బండల్లో వదిలి వచ్చాడు.

ఇక కోహీర్ సంగతి చెప్పాలి. అది అత్తమ్మ పుట్టినూరు. మాకు రైలులో ఎక్కితే కూర్చున్నట్టే ఉండదు, అంత దగ్గర. అక్కడ ఆమె తల్లి, అన్న, వాళ్ళ జామతోట. కానీ అత్తమ్మ అక్కడికి పోయి ఏండ్లు గడిచాయి. ఆ అన్న ఇంట్లో ఏదో శుభకార్యం నాడు మామగారు మొదటి బంతిలో కూర్చున్నారట. ఇస్తరు వేశాక, ఎవరో పెద్దమనుషులు వచ్చారని, “బావా, నువ్వు ఇంటి మనిషివే గద, రెండో బంతిల కూసో” అని లేపారట. లేచినవారు లేచినట్టే చెప్పులేసుకుని స్టేషనుకు నడిచారు. అంతే. తిట్టలేదు, అరవలేదు. ఆ గడప తొక్కలేదు. ఆయన తొక్కని గడప భార్య తొక్కడమేమిటని అత్తమ్మనూ పంపలేదు. తల్లి అనేది ఆమెకు రైలు పట్టాల అవతల ఉండిపోయింది.

నాకు దీనితో పని ఏమిటంటారా? తొలి ఆషాఢానికి నన్ను పుట్టింటికి పంపారు. ఆ తర్వాత ఆ ఊసు లేదు. అత్త తన తల్లి దగ్గరికి పోవడం లేదు, కోడలు నోరు తెరిచి ఎట్లా అడుగుతుంది? మా ఇంట్లో పుట్టిల్లు అన్న మాటే ఎవరూ అనేవాళ్ళు కాదు.

చలికాలంలో కోహీర్ జామపండ్లు అమ్మే ఒకామె గంప నెత్తిన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చేది. అత్తమ్మ ఆమె ముందు కూర్చుని ఒక పండు తీసుకునేది. “ఏ తోటవి?” అని అడిగేది. అన్న తోటవని తెలిస్తే దాన్ని వాసన చూసి, మళ్ళీ గంపలో పెట్టేసేది. కోహీర్ జామ మా ఇంట్లోకి రాకూడదు. పండు కొనకపోయినా ఆ జామపండ్ల ఆమె అత్తమ్మ కోసం కొంచెంసేపు కూర్చుని ఊరి కబుర్లు చెప్పి పోయేది. రెండో ఏడు అలుగు పండుగ కూడా నవ్వుకుంటూ అయిపోయాక వచ్చిన చలికాలంలో ఆమె తెచ్చిన కబురు వేరు.

“మీ అమ్మకు చూపు పోతున్నదమ్మా. ముఖం కాడ ముఖం వెడ్తెగాని మనిషిని గుర్తువడ్తలేదు. వానకాలం దాక ఉంటయో ఉండయో ఆ కండ్లు. నా బిడ్డ మొఖం ఎట్లయిందో అని ఒకటే అడుగుతది.”

అత్తమ్మ చేతిలో పండు ఉంది. వాసన చూడలేదు. గంపలో పెట్టనూ లేదు. అట్లాగే పట్టుకుని కూర్చుంది. దుకాణంలోంచి మామగారి గొంతు వినబడింది, మెల్లగానే. “ఆ కాయలు మనింట్ల వద్దని చెప్పిన గద.” ఆమె పండు పెట్టేసి లేచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత దగ్గర ఊరు, అంత పెద్ద మనిషి, ఒక ఇస్తరాకు కోసం!

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆమె ఒక్క మాట అన్నది. “అమ్మకు కండ్లు పోతున్నయట.” మామగారి చేయి కంచంలో ఆగింది. “దవాఖానకు తీస్కపోనీకి కొడుకున్నడు గద,” అన్నారు. పప్పు కలుపుకున్నారు. ఆమె నెయ్యి వేసి లోపలికి పోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. నేను మాత్రం ఆ కండ్ల గురించే ఆలోచించేదాన్ని. పొద్దున్నే కోహీర్ దిక్కు పోయే రైలు కూత వినబడగానే అత్తమ్మ చేతిలో పని ఒక్క క్షణం ఆగేది. ఆ ఇంట్లో అది నేనొక్కదాన్నే గమనించానేమో.

మూడో ఏడు మిరుగం వచ్చింది. వాన పడి, తెరిపి ఇచ్చింది. ఆడబిడ్డ నిద్ర లేస్తూనే “ఇయ్యాల అలుగు పండుగ!” అని ఇల్లంతా దుంకింది. అప్పటికి ఆ పండుగకు పిండివంట కూడా కుదిరింది. జొన్నరొట్టెలు వేడివేడిగా నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి మలీద ముద్దలు చేసేవాళ్ళం. ముద్ద మీద పుట్నాల బద్దలు వరసగా గుచ్చితే అచ్చం ముడుచుకున్న అలుగే. గుచ్చే పని ఆడబిడ్డది. గుచ్చినన్ని తినేది కాబట్టి ఆమె అలుగులకు ఒక పక్క పెంకులు ఉండేవి కాదు.

అత్తమ్మ పొద్దంతా మామూలుగానే ఉంది. మలీద కట్టింది. మా ఆయన అలిగితే తిట్టి లేపింది. ఆడబిడ్డ అలిగితే ముద్దు పెట్టి లేపింది. అందరం తిన్నాక పొయ్యి అలికింది, చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. తర్వాత దండెం మీది మామగారి గొంగడి తీసుకుని, నడింట్లో గోడ దిక్కు తిరిగి ముడుచుకుని పడుకుంది.

మొదట అందరికీ సరదాగా ఉంది. మామగారయితే పొంగిపోయారు. “అరే, మా ఇంటి పెద్ద అలుగు ఇన్నేండ్లకు అలిగింది!” అంటూ పక్కన చతికిలబడ్డారు. “ఏం గావాలె? చీర గావాల్నా? కమ్మలు గావాల్నా? జర మొఖం చూపెట్టు.” గొంగడి కదలలేదు. మా ఆయన పాట పాడారు. ఆడబిడ్డ మలీద ముద్ద గొంగడి సందులోంచి లోపలికి తోసింది. అది అట్లాగే బయటికి వచ్చింది. మెల్లమెల్లగా నవ్వులు తగ్గాయి. ఆమెకు ఏం కావాలో ఆ ఇంట్లో తెలియనివాళ్ళు ఎవరూ లేరు. మామగారికి కూడా తెలుసు. అందుకే ఆయన చీరలూ కమ్మలూ అంటూ దాని చుట్టే తిరుగుతున్నారు.

పొద్దు గూట్లో పడింది. ఇంట్లో మసక కమ్ముకున్నది. మా ఆయన నా వైపు చూసి కళ్ళతోనే దీపం గూడు చూపించారు. దీపం పెట్టడం నా పని. దీపం పెడితే పండుగ అయిపోయినట్టే, అలక తీరకపోయినా ఆమె లేవాల్సిందే. లేచి, పొయ్యి దగ్గరికి పోయి, రాత్రి రొట్టెలకు పిండి కలుపుతుంది. మళ్ళీ మిరుగం దాకా ఆ గొంగడి కప్పుకోదు. అప్పటికి ఆ కండ్లు ఉంటాయా?

నేను గూడు ముందు నిలబడ్డాను. అగ్గిపెట్టె చేతిలోనే ఉంది.

“దీపం వెట్టు బిడ్డా,” అన్నారు మామగారు.

నేను కదలలేదు. ఆ రోజుల్లో మామ మాట అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఆయన ముందు నేను గొంతెత్తి మాట్లాడింది లేదు. అలుగకు, అలుగకు అని నాకు నేనే చెప్పుకున్నాను. నా కన్నడం అర్థంలోనే చెప్పుకున్నాను, కదలకు అని.

“ఏం కోడలా, నువ్వు గూడ అలిగినవా?” ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు. నేను అగ్గిపుల్ల గీయలేదు. ఇల్లు నల్లబడింది. బజారులో ఒక్కొక్క దుకాణంలో దీపాలు పెడుతున్నారు. మా ఇల్లు ఒక్కటే చీకటి. అందరం ఎవరి చోట వాళ్ళం ఉండిపోయాం.

చాలాసేపటికి ఆయన అన్నారు. “ఏం గావాలెనో నోరిడిచి చెప్పు. చెప్తెనే గద.”

గొంగడి లోపలి నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది. “నాకేం వద్దు. మా అమ్మ కండ్లకు నేను ఒక్కసారి కనవడాలె. గంతే.”

ఆయన మాట్లాడినప్పుడు ఆ గొంతు మా మామగారిదేనా అనిపించింది. “నన్ను ఇస్తరు ముందర నుంచి లేపిన్రు. సరే, లేపిన్రు. నేను బయటికొస్తుంటే వాకిట్ల గంతమంది ఉన్నరు. ఒక్కరన్న చెయ్యి వట్టుకొని ఆపిన్రా? స్టేషన్ల బండి వచ్చేదాక కూసున్న. ఎవరన్న వస్తరేమో అని చూసిన. ఒక్కరన్న వచ్చి బతిమిలాడిన్రా?”

అలకెందుకు నాకు అన్న మనిషి! పరువు, పట్టుదల అని మేమంతా అనుకున్నది ఇదా? ఏండ్లకేండ్లు ఆయన ఆ స్టేషనులోనే కూర్చుని ఉన్నారు, ఎవరన్నా వచ్చి చెయ్యి పట్టుకుంటారని. నాకు ఆయన మీద కోపం పోలేదు. కానీ ఏడుపు కూడా వచ్చింది.

గొంగడి తీసిన చప్పుడయింది. అత్తమ్మ లేచి కూర్చుంది. “మరి గప్పటి సంది నన్నెవరు బతిమిలాడిన్రు?” అన్నది.

చీకట్లో మూల నుంచి చిన్న ఆడబిడ్డ మెల్లగా అడిగింది. “ఇద్దరు అలిగితే ఎవరు బతిమిలాడాలె?” ఆ కట్టుబాటు ఆమె పెట్టలేదు మరి.

మామగారు గట్టిగా ఊపిరి వదిలారు. “కోడలా, జర దీపం వెట్టు. మీ అత్త మొఖం కనవడ్తలేదు.”

గీశాను. రెండు పుల్లలు ఆరిపోయాయి, మూడోది అంటుకుంది. దీపం వెలిగాక ఆయన ఆమె ముఖం దిక్కు చూశారు. జుట్టు చెదిరి, బొట్టు చెరిగి, గొంగడి పోగులు చెంపకు అంటుకుని ఉంది ఆమె. “పొద్దుగాల బండికి పోదాం,” అన్నారు. పో అనలేదు, పోదాం అన్నారు. అత్తమ్మ ఆ మాట విని కూడా అట్లాగే కూర్చుంది. తర్వాత లేచి పిండి కలపడానికి పోయింది. ఆ రాత్రి రొట్టెలన్నీ మాడాయి, ఎవరూ ఏమనలేదు.

తెల్లవారి బండికి ముగ్గురం పోయాం. కోడలిని అమ్మకు చూపిస్తానని అత్తమ్మ నన్నూ తోలుకుపోయింది. నా ఒళ్ళో మిగిలిన మలీద ముద్దల మూట. రైలులో ఆమె కొంగు సర్దుకోవడం, జుట్టు సర్దుకోవడం, మళ్ళీ సర్దుకోవడం. “ముసలిదాన్ని అయిన గదనే,” అని నన్నడిగింది. “గుర్తువడ్తదా?” పడుతుందన్నాను.

తోట ముందర ఇల్లు. మమ్మల్ని చూసి అత్తమ్మ అన్న చెంబు తీసుకుని నీళ్ళ కోసం లోపలికి ఉరికాడు, మళ్ళీ చెంబు లేకుండా బయటికి వచ్చాడు, వచ్చి మామగారి చెయ్యి పట్టుకున్నాడు. “బావా” అన్నాడు. మామగారు ఆ చేతిని విడిపించుకోలేదు.

ముసలామె ఎండలో అరుగు మీద కూర్చుని ఉంది. ఎండ చురుక్కుమంటున్నది. నేల మీది చీమ కూడా కనబడేంత వెలుతురు. అడుగుల చప్పుడుకు తల ఎత్తింది.

“ఎవరు బిడ్డా? జర ఆగుర్రి. ఇంట్ల ఇంకా దీపం వెట్టలే.”

అత్తమ్మ నిలబడిపోయింది. వానకాలం దాక ఉంటయో ఉండయో అన్నది ఆ జామపండ్ల ఆమె. వానకాలం వచ్చి వారం కాలేదు. నేను మామగారి దిక్కు చూశాను. ఆయన విప్పిన చెప్పులు చేతిలోనే పట్టుకుని ఉన్నారు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అట్లాగే పట్టుకుని ఉన్నారు.

అత్తమ్మ అరుగు కింద కూర్చుంది. తల్లి రెండు చేతులూ తీసుకుని తన ముఖానికి పెట్టుకుంది. “ఇప్పుడు వెడ్తరమ్మా దీపం,” అన్నది. “నువ్వయితే చూడు.”

ఆ వేళ్ళు నుదురు చూశాయి, కనుబొమలు చూశాయి, ముక్కు పక్కన పులిపిరి దగ్గర ఆగాయి. “నా బిడ్డనే,” అన్నది ముసలామె. “బక్కగయినవు. తడిసినవేందే, వాన పడ్తున్నదా?” అత్తమ్మ ఏడుస్తూనే లేదు లేదని తల ఊపింది. ఆ ఊపడం కూడా ఆ చేతులకే తెలిసింది.

మధ్యాహ్నం అన్నాలకు మామగారిని మొదటి ఇస్తరు ముందు కూర్చోబెట్టబోయారు. ఆయన కూర్చోలేదు. ముసలామెకు అన్నం పెట్టాక తింటానన్నారు. అత్తమ్మ తల్లికి ముద్దలు కలిపి పెడుతుంటే చివరిదాకా పక్కనే నిలబడి, ఆ తర్వాతే తిన్నారు. మలీద ముద్ద చేతిలో పెడితే ముసలామె దాని మీది పుట్నాలు తడిమి ఇదేమిటని అడిగింది. అలుగు అన్నాను. నవ్వింది. ఎంత అలిగినా బెల్లంతో చేసిందే కదా అని తినేసింది.

సాయంత్రం బండికి అత్తమ్మ రాలేదు. కొన్ని రోజులు ఉండి రమ్మని మామగారే చెప్పారు. నేనూ ఆయనా తిరిగి వచ్చాం. రైలు డబ్బాలో ఆయన ఎదురుగా, నేను తల మీద కొంగుతో ఒక మూలకు. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నారు. ఇద్దరి మధ్య కోహీర్ జామపండ్ల వెదురు బుట్ట ఉంది. కాలం కాని కాలంలో చెట్టు మీద మిగిలిన నాలుగు కాయలు వెతికి కోసి ఇచ్చారు, ఆయన వద్దనలేదు. జహీరాబాద్ దగ్గరపడుతుండగా, నా దిక్కు తిరగకుండానే అడిగారు.

“మీ అమ్మకు కండ్లు మంచిగున్నయా బిడ్డా?”

“మంచిగున్నయి మామా.” నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

“అయితే ఉండంగనే పోయిరా. మీ అత్త రాంగనే నేనే తోలుకపోత.”

ఆ రోజు నేను అలగలేదు. అయినా అడిగారు.